మా మేనత్త పళ్ళ సెట్టు

మా మేనత్త మొన్న సోమవారం తెల్లవారుజామున పోయింది. ఎల్లారెడ్డిలో మా ఇంట్లోనే, పడుకున్నది పడుకున్నట్టే. రామారెడ్డి నుంచి చుట్టాలు వచ్చేసరికి ఎండెక్కింది. వాళ్ళలో ఒక పెద్దావిడ ఆమె ముఖం చూసి నన్ను పిలిచింది.

"పండ్లు పెట్టలేదేంది బిడ్డా? దవడలు గుంటలు పడ్డయి. పెట్టి సాగనంపుండ్రి."

ఆ కట్టుడు పళ్ళు చేయించింది నేనే. ఎందుకు చేయించానో దాచకుండా చెప్పుకోవాలి.

మేనత్తకు పిల్లల్లేరు. మామ పోయాక బీడీలు చుట్టి బతికింది, ఆ బీడీల మీదే నన్నూ చదివించింది. ముసలితనంలో మాతో ఉంది. పళ్ళన్నీ ఊడినా ఆమె మాటకు ఏ లోటూ రాలేదు. మా గల్లీలో అత్తాకోడళ్ళ తగువైనా, గోడ తగువైనా ఆమె ముందుకే వచ్చేది. చేతిలో కత్తెర, బీడీ ఆకు ఆగకుండానే ఇద్దరి మాటా వినేది. "నువ్వు జర సప్పుడు జెయ్యకు. ఆమెను చెప్పుకోనియ్యి" అనేది. ఎంత నోరున్నవాళ్ళైనా దారికొచ్చేవాళ్ళు.

మా అబ్బాయికి పెళ్ళి కుదిరింది. కలిగిన వియ్యంకులు, ఫొటోల్లో బోసినోరు ఉంటే నాకు నామోషీ. ఆమె అడక్కపోయినా బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయాను. "చిన్నగా, తెల్లగా, వరసగా పెట్టండి" అని పళ్ళ డాక్టరమ్మకు నేనే చెప్పాను. అత్త ముఖానికి కాస్త పెద్దవే నప్పుతాయని ఆవిడ అంటే వినలేదు. సెట్టు చేతికిచ్చిన రోజు డాక్టరమ్మ అంది: "కొత్తల ఎక్కడో ఒకచోట ఒరుసుకుంటది. నొచ్చేది ఎక్కడో చూపిస్తే సరిచేసి ఇస్త. రెండు మూడుసార్లు రావాలె." నేను తలూపాను.

ఆ సాయంత్రం ఇంట్లో మక్క కంకి కాల్చి ఆమె చేతికిచ్చాం. ముందరి పళ్ళతో కొరికిందో లేదో, పై సెట్టు ఊడి కంకికి పట్టుకుంది. అందరం పడిపడి నవ్వాం. ఆమె కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. ఆ కొంగు మళ్ళీ నోటి మీంచి దిగలేదు.

"నోట్లె గచ్చు పోసినట్టున్నది అల్లుడా" అనేది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువ పడటం మొదలైంది. "రుచి నాలికకే అనుకుంటిమి. అంగిలికి సుత ఉంటదని గిప్పుడెరుకైంది" అంది. మాట్లాడితే పళ్ళు టకటకమనేవి. ఒకసారి తగువుకొచ్చిన కోడలొకామె ఆ చప్పుడుకు ఫక్కున నవ్వింది. మేనత్త మాట సగంలో ఆపి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఎవరొచ్చినా "నాకేం దెల్వదు, పోండ్రి" అనేది.

పెళ్ళిలో అన్ని ఫొటోలకూ నిలబడింది. బంతిలో మాత్రం ఒక్క ముద్ద తినలేదు. ఎంత పొగరో అనుకుందట వియ్యపురాలు.

"తీసెయ్యరాదా అత్తా" అన్నాను ఒకరోజు.

"నువ్వు మనసుపడి పెట్టిస్తివి. తీస్తే నీకు మంచిగనిపియ్యది" అంది. కొంగు సర్దుకుంటూ, "డాక్టరమ్మ తానకు మల్ల ఎప్పుడు పోదం?" అని అడిగింది.

నాది ఎరువుల దుకాణం. నాట్లు కానీ అన్నాను. యూరియా లారీ రానీ అన్నాను. కోతలు అయిపోనీ అన్నాను. ఆమె చిక్కిపోతుంటే వయసు అనుకున్నాను. ఒక్క రోజు షట్టరు దించితే అయ్యే పని అది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

పెద్దావిడ మాట మీద లోపలికి వెళ్ళి, గూట్లోని ప్లాస్టిక్ డబ్బా తెరిచాను. పై సెట్టు లోపలివైపు మూడు ఎర్రచుక్కలు. రెండు అంచు మీద, ఒకటి అంగిలికి ఆనేచోట. ఏమిటా అని చూస్తుంటే నా భార్య వెనక నుంచి చెప్పింది.

"నా గోర్ల రంగు అడిగి పెట్టుకున్నది. నొచ్చేకాడ గుర్తుంటే డాక్టరమ్మకు సూపెట్ట అల్కగైతదన్నది. తీస్కపొమ్మని మీకు చెప్తనే ఉన్న. మీరు ఇంటేనా?"

బయటికొచ్చి, పళ్ళు దొరకలేదని చెప్పాను. గుంటలు పడ్డ ఆ దవడలతోనే ఆమె మా గల్లీని దారిలో పెట్టింది. అట్లాగే పోనిద్దామనిపించింది.

డబ్బా అంగీ జేబులో వేసుకుని పాడెకు భుజం పట్టాను. దారి పొడుగునా, అడుగు వేసినప్పుడల్లా, జేబులో పళ్ళు టకటకమంటూనే ఉన్నాయి.