లేతనీలం విమానం

ఇస్త్రీ బాబాయ్ చేతిలో పడితే ముడత అన్నది బతికి బట్టకట్టదు. వారమంతా లాండ్రీలో చొక్కాలు రుద్దుతాడు. ఆదివారం ఊరి చివరి బొమ్మ విమానాల క్లబ్బుకు పోతాడు. ఆ విమానాల రెక్కలు తేలిక కర్రతో చేస్తారు. వాటిమీద రంగుల ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే బిగుసుకుంటుంది. సభ్యులు చేస్తే బుడగలే మిగులుతాయి. అందుకని బాబాయ్‌ని లోపలికి రానిస్తారు, షెడ్డు దాకా.

షెడ్డులో పంకా, బ్యాటరీల ఛార్జింగుకు ప్లగ్గులు, బయట నున్నటి రన్‌వే, నీడన కుర్చీలు. అన్నీ సభ్యులకే. ప్రవేశ రుసుము, చందా, ఆపైన బీమా! బాబాయ్ జీతానికి అది అందని మాట. అయినా తను చేసిన విమానం తన చేత్తో ఎగరెయ్యాలన్న ఒక్క కోరిక ఆయన్ని పట్టుకుని వదల్లేదు.

ఏళ్లు పట్టింది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి, నొప్పిని పంటి కిందే నొక్కిపెట్టి, డబ్బు కూడబెట్టి, అన్నీ కట్టి సభ్యుడయ్యాడు. ఇంట్లో విమానం తయారైంది.

"దానికి ముద్దు పెట్టడమొక్కటే తక్కువయ్యా నువ్వు!" అంది భార్య.

పొర కొనడానికి మాత్రం చేతిలో ఏమీ మిగల్లేదు. షెడ్డు అటకమీద లేతనీలం పొర చుట్ట ఎప్పటినుంచో పడి ఉంది. సభ్యులు ఎరుపో పసుపో తప్ప అడగరు.

"ఇది తీసుకోనా మాస్టారూ?" అని, ఎగరెయ్యడం నేర్పే మాస్టారిని అడిగాడు.

"నిక్షేపంగా తీసుకో బాబాయ్. ఎవడిక్కావాలి అది!"

అదృష్టమంటే ఇదేననుకున్నాడు, పిచ్చి మహారాజు.

మబ్బు తునకైనా లేని ఆదివారం అది. బాబాయ్ తడబడితే మాస్టారు అందుకునేలా, ఇద్దరి రిమోట్‌లకూ తీగ కలిపారు. మాస్టారు విమానాన్ని పైకి లేపి, "ఇక నీదే" అన్నారు. బాబాయ్ బొటనవేలు కదిపాడు. పైన రెక్క ఒరిగింది. సంతోషంతో ఏడుపొచ్చేసింది. భుజంతో కళ్లు తుడుచుకుని తలెత్తేసరికి ఆకాశం తప్ప ఏమీ లేదు.

"మాస్టారూ, ఏదీ?"

"ఇప్పుడేగా ఇటు తిప్పావు... ఆగు, నాకివ్వు!"

ఆయన అందుకున్నారు గానీ ఆయనకూ కనపడలేదు. మోటారు మోత కాసేపు వినపడింది, తరువాత అదీ ఆగిపోయింది. సాయంత్రం దాకా పొలాలన్నీ గాలించారు. దొరకలేదు.

"ఆ రంగు ఎవరూ ఎందుకు వెయ్యరో ముందే చెప్పొచ్చుగా మాస్టారూ?" బాబాయ్ అడిగాడు.

మాస్టారు తల దించుకున్నారు. "మా విమానాలన్నీ నీ చేతిమీదుగానే కదా తయారయ్యాయి. నీకు తెలీదనుకోలేదయ్యా."

ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్లూ ఆయన రెక్కల్ని చూసింది ఇస్త్రీ పెట్టె కిందే. అవి ఎగిరే వేళకు మరో రెక్క బల్లమీద ఉండేది.

సభ్యత్వం మాత్రం ఏడాదంతా చెల్లుతుంది. మరుసటి ఆదివారం అందరూ బలవంతాన ఆయన్ని పంకా కింద కూర్చోబెట్టారు. కాసేపు కూర్చున్నాడు. ఇంతలో ఎవరో కొత్త రెక్కా ఎర్ర చుట్టా తెచ్చి బల్లమీద పెట్టి, మొహమాటంగా నిలబడ్డారు. బాబాయ్ లేచాడు. ఇప్పుడు తనకూ హక్కున్న ప్లగ్గులో ఇస్త్రీ పెట్టె పెట్టి, అది వేడెక్కేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.