బస్తాల మీది నంబరు

పోయిన వేసవిలో పర్చూరు దగ్గర మా మిరప కల్లంలో, దొంగల భయంతో రేకుల షెడ్డుకు నా ఫోన్‌లో చూసుకునే కెమెరా పెట్టించాం. మర్చిపోకుండా ఉంటుందని, మిర్చి యార్డుకెళ్లే మా ప్రతి బస్తా మీదా రాయించే నా ఫోన్ నంబరునే దానికి పాస్‌వర్డ్‌గా పెట్టాను.

రంగు మారిన తాలుకాయలు ఏరే కూలి సునీత ఆ షెడ్డులో చంటిబిడ్డకు పాలివ్వడానికి జంకితే, "నేను తప్ప ఎవరూ చూడరులేవే, నేనూ ఆడదాన్నేగా" అన్నాను.

ఒక మధ్యాహ్నం కెమెరా స్పీకర్‌లోంచి ఎవడిదో గొంతు: "ఏం పిల్లా, అటు తిరిగి కూర్చున్నావేం?"

సునీత బిడ్డను పొదువుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఎవరూ చూడరన్నారు కదమ్మా!" అంది.

అందరి కళ్లకూ కనిపించే ఆ పాస్‌వర్డ్ మార్చడానికి రెండు నిమిషాలే పట్టింది. తర్వాత కెమెరానే పీకించేశాను. అయినా సునీత షెడ్డు నీడకు రాలేదు. ఎండలోనే, బస్తాల చాటున కూర్చుని పాలిచ్చేది.

ఆ బస్తాలన్నిటి మీదా నా నంబరే.