సంబరం తుపాకికి పడ్డ శిక్ష

మా మేనమావ పోయాడు. విజయనగరంలో నేనుంటున్న ఇంటికి కబురు తెచ్చినతను గుమ్మంలోనే నిలబడి, "మీ మావ తెల్లారగట్ల పోనాడమ్మా" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది. ఎందుకో మీకు చెప్పాలి.

మావ రైతు. పొందూరు దగ్గర మా ఊళ్లో అమ్మవారి సంబరానికి ఘటాల ఊరేగింపు లేవాలంటే, ముందు ఆయనింటి నాటుతుపాకి గాలిలోకి ఒక్కసారి పేలాలి. తాతల నాటి ఆచారం. దానికి లైసెన్సు లేదని ఊరంతటికీ తెలుసు, ఎవరికీ పట్టలేదు. పేల్చే ముందు పిల్లలందరినీ "సెవులు మూసుకోండర్రా, జడుసుకుంటారు" అని బతిమాలేవాడు. వాళ్లక్క, అంటే మా అమ్మ, పెట్టిన పులుసులో ఉప్పు ఎక్కువైనా "బాగున్నాదే అప్పా" అని మళ్లీ పోయించుకునేవాడు. అలాంటి మనిషి.

కొండల వైపు గొడవలు మొదలయ్యాక తుపాకి పేరు వింటే చాలు, పోలీసులు దిగిపోయేవారు. ఆ ఏడు సంబరం మర్నాడే మావని పట్టుకెళ్లారు. శ్రీకాకుళం కోర్టులో తుపాకి తనదేనని ఒప్పేసుకున్నాడు. ఇక తేలాల్సింది శిక్ష ఎంతన్నదే. తుపాకి దేనికి ఉంచుకున్నాడు, ఎవరినైనా బెదిరించాడా, నడవడి ఎలాంటిది అన్నవి చూస్తామని, అవి బాగుంటే జరిమానాతోనో పూచీకత్తు మీదో వదలొచ్చని మేజిస్ట్రేటుగారు అన్నారు. అది సంబరానికేనని మావ చెప్పిన మాట నిజమేనా అని, ఊరి పెద్దయిన మా నాన్నని పిలిచి అడిగారు.

"నాకేటీ తెల్దు బాబూ. ఆడి తుపాకికీ ఊరికీ సమ్మందం లేదు" అన్నాడు నాన్న.

ఏటేటా సంబరం చేయించేది ఆయనే. అవునంటే తననీ కేసులో కలుపుతారని భయం. వెనకున్న ఊరివాళ్లు తలలు దించుకున్నారు. సంబరానికేనని ఇంకెవరూ చెప్పని తుపాకికి శిక్ష తగ్గించలేనని మేజిస్ట్రేటుగారు ఆరు నెలల జైలు వేశారు.

విడుదలయ్యాక మావ మా ఇంటికి మామూలుగానే వచ్చాడు. నేను కోర్టుని తిట్టబోతే ఆపాడు. "ఆ బాబు తప్పేటున్నాదే? సెప్పినోల్ల మాటే కదా ఇంటాడు." నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

కొన్నాళ్లకి నాన్న వంతు వచ్చింది. అడవిపందుల్ని తోలడానికి ఉంచుకున్న తుపాకి లైసెన్సు గడువు దాటిపోయింది. అదే కోర్టు. నేనూ వెళ్లాను. ఈయన గురించి చెప్పేవారెవరైనా ఉన్నారా అంటే, మావ లేచాడు.

"నాను జైలుకెల్లొచ్చినోన్ని బాబూ, నా మాట సెల్లుతాదో లేదో. మా బావ ఆ తుపాకితో పందుల్నే తోల్నాడు. మనిసి మీదికి ఎత్తలేదు."

నాన్నని జరిమానాతో వదిలేశారు. బయటికొచ్చి ఆయన నాతో "పద" అన్నాడు, అంతే. మావతో ఒక్క ముక్క మాట్లాడలేదు. కన్నతండ్రిని చూసి అంత సిగ్గుపడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మొన్న పాడె ఎత్తేటప్పుడు ముందు వైపు ఒక చోటు బావగారికని వదిలారు. నాన్న వచ్చాడు. వంగి, చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. లేచి నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "ఆ తుపాకి సంబరానిదే. ఊరిదే. నాను సెప్పలేదు" అన్నాడు.

శిక్ష తగ్గించగలవాళ్లెవరూ అక్కడ లేరు. మిగతా ముగ్గురూ కర్రల మీద చేతులు వేసి, ఎత్తాలో ఆగాలో తెలియక అలాగే వంగి ఉన్నారు.