గౌరి కాలు రెండోసారి విరిగినప్పుడు

1946 వేసవి. మదనపల్లె మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా నాకది ఆరో ఏడు. పుంగనూరు బస్సు దిగి నాగమ్మ అనే అవ్వ, మూడేళ్ల మనవరాలు గౌరిని ఎత్తుకుని వచ్చింది. వెనకాలే కోడలు పార్వతి. పాప తల్లి కోసం చేతులు చాస్తోంది. నాగమ్మ ఇవ్వడం లేదు.

"పోయిన కార్తీకంలో గూడా ఇదే కాలు ఇరిగిందమ్మా. దీనికి బిడ్డను సాకేది తెలీదు. యాడనో పడేసి సెప్పకుండా ఉండాది. ఈసారి పుట్టింటికి తోలేస్తాండాను. బిడ్డను మాత్రం ఇయ్యను."

పార్వతి ఏడవలేదు. "మంచం మీద నుంచి దించినానమ్మా, అంతే. టక్కుమనింది" అంది.

మంచం మీద నుంచి దించితే కాలు విరుగుతుందా? నిజం చెప్పాలంటే, నేనూ ఆ తల్లినే అనుమానించాను.

డాక్టరమ్మ కట్టు కట్టే ముందు నేను పాప ఒళ్లు తుడుస్తుంటే మణికట్లు నా చేతికి లావుగా తగిలాయి. చర్మం కింద కడియం తొడిగినట్టున్నాయి. రొమ్ము మీద పక్కటెముకల చివర్లు పూసల్లా ఉబ్బి ఉన్నాయి. విరగని కాలు కూడా వంగి ఉంది. గబగబా వెళ్లి డాక్టరమ్మతో చెప్పాను. ఆమె కాలితో పాటు చేతులకూ ఎక్స్‌రే తీయించింది. ఫిల్ములో ఎముకల చివర్లు గీత గీసినట్టు ఉండాల్సింది పోయి, చిరిగిన గుడ్డ అంచులా పీచులు పీచులుగా కనిపించాయి.

"రికెట్స్" అంది డాక్టరమ్మ. ఎండ తగలని పిల్లల్లో ఎముకకు కాల్షియం పట్టదు. మెత్తగా ఉండిపోతుంది. అలాంటి ఎముక వంగుతుంది, చిన్న ఒత్తిడికే విరుగుతుంది.

"పాప ఎండలో ఆడుకుంటుందా?" అని నాగమ్మను అడిగాను.

"ఎండా! దీనికి ముందు ఇద్దురు మనవళ్లు పోయినారమ్మా నాకు. దిష్టి తగలకుండా నడింట్లోనే సాకినాను. వాకిలి దాటనియ్యలేదు."

ఆ మాట ఆమె గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ ఫిల్ము చూపించి మెల్లగా అంది: "ఈ కాలు విరగడం మీ కోడలి తప్పు కాదమ్మా. ఎండ లేక ఎముక మెత్తబడింది."

నాగమ్మ పాప వంగిన కాలిని తడిమి చూసింది. "అయితే నేనా సేసింది?" అంది.

"కాపాడుకోవాలనే చేశారు. మీకెవరూ చెప్పలేదు, ఇప్పుడు తెలిసింది" అన్నాను.

మందు దగ్గర ఇంకో చిక్కు. వాళ్లది మెడలో లింగం కట్టుకునే ఇల్లు, గుడ్డు కూడా ముట్టరు. డాక్టరమ్మ రాసిన కాడ్ లివర్ ఆయిల్ అంటే చేప కాలేయం నుంచి తీసే నూనె. దాచకుండా అదీ చెప్పాను. పార్వతి అత్త ముఖం చూసింది. నాగమ్మ నా చేతిలోంచి చెంచా తీసుకుని కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు తాపు. తల్లివి నువ్వు."

ఆ రోజు నుంచి గౌరి మంచం పొద్దున్నే వరండా ఎండలోకి వచ్చేది. మంచం జరిపేది నాగమ్మే. నూనె, పాలు, ఎండ. ఆరు వారాలకు కట్టు విప్పి మళ్లీ ఎక్స్‌రే తీస్తే, ఎముక చివర్లలో కాల్షియం పట్టి తెల్లటి గీత తేటగా కనిపించింది. డాక్టరమ్మ ఆ ఫిల్మును కిటికీకి అడ్డం పట్టి వార్డులో అందరినీ పిలిచింది.

దీపావళి తర్వాత ముగ్గురూ చూపించుకోవడానికి వచ్చారు. గౌరి గేటు దగ్గర తల్లి చెయ్యి విడిపించుకుని మెట్ల దాకా పరుగెత్తింది. "నిదానమే, నిదానం!" అంటూ పార్వతి వెనకాల పరుగు. నాగమ్మ మాత్రం నిలబడి, "ఉరకనీ సిస్టరమ్మా, సూడు ఎట్లా ఉరుకుతాండాదో!" అంది.

తర్వాత నన్ను కుప్పం డిస్పెన్సరీకి పంపారు. అక్కడ జ్వరమని వచ్చినా, దగ్గని వచ్చినా ప్రతి పిల్ల మణికట్టూ పట్టి చూసేదాన్ని. అలా ఇద్దరు పిల్లల్లో రికెట్స్ ముందే బయటపడింది. ఇద్దరికీ ఒక్క ఎముకా విరగలేదు. ఎవరు పడేశారని అడిగే ముందు ఎముక ఎందుకు విరిగిందని అడగాలి. ఆ పద్ధతి నాకు నేర్పింది గౌరి.