గేటు ముందు మామ నిలబడ్డ సోమవారం

పోయిన నెల సీతాఫల్‌మండిలో బీపీ చూపించుకోవడానికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా మనవరాలి వయసు పిల్ల. ఆమె నా జబ్బకు పట్టీ చుట్టిందో లేదో గుండె దడదడలాడింది, అంకె కాస్తా పైకెక్కి కూర్చుంది. ఇంట్లో నేనే చూసుకుంటే బుద్ధిగా ఉండే బీపీ, ఎదురుగా ఇంకో మనిషి కూర్చుంటే చాలు, నా మాట వినదు. ఈ భయం ఎప్పటి నుంచి అంకుల్ అని ఆ పిల్ల నవ్వుతూ అడిగితే, పుట్టినప్పటి నుంచీ అని నేనూ నవ్వేశాను. అందులో అబద్ధం లేదు, మా ఇంటి పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నా పిరికితనం మీద చెప్పుకునే కథలు ఇప్పటికీ అయిపోలేదు. కానీ బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాక, నా బతుకులో చూసిన అతి పెద్ద భయం నాది కాదనీ, అది మా మేనమామదనీ గుర్తొచ్చి, ఆటోలు పోతున్నా చెయ్యెత్తకుండా కాసేపు అలాగే ఉండిపోయాను.

మా మామ పదో తరగతి తప్పి, సికింద్రాబాదు అవతల ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అక్కడి యూనియన్‌కు ప్రధాన కార్యదర్శి అయ్యాడు. నాకు టైపు వచ్చు కాబట్టీ, మా అమ్మ పోరు పడలేకపోయాడు కాబట్టీ, యూనియన్ ఆఫీసులో నన్ను కూర్చోబెట్టాడు. ఆయన అభిప్రాయాలు కొన్ని విచిత్రంగా ఉండేవి. సమ్మె మందులాంటిది, అన్నంలాగా రోజూ తినకూడదు అనేవాడు. దండ వేయించుకుంటే తల వంచాలి, తల వంచితే ఎదుటివాడి మొహం కనబడదు అని ఏ సభలోనూ దండ వేయించుకునేవాడు కాదు. అన్నిటికంటే ఎక్కువగా కాంట్రాక్టు మనుషుల గురించి మాట్లాడేవాడు. క్యాంటీన్లో గిన్నెలు తోమేవాళ్ళూ, షాపు ఊడ్చేవాళ్ళూ, లారీలకు సరుకెత్తేవాళ్ళూ పదేళ్ళు పనిచేసినా మూడు నెలలకోసారి మారే కాగితం చీటీ మీదే బతికేవాళ్ళు. వాళ్ళను పర్మనెంటు చేయించే దాకా నిద్రపోనని మామ అంటుంటే, పర్మనెంటు వాళ్ళలోనే కొందరు చాటుకు పోయి సణుక్కునేవాళ్ళు.

మీలో ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు గేట్ మీటింగ్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మా దగ్గర అది ప్రతి సోమవారం ఉండేది, పొద్దున సైరన్ కూతకు పావుగంట ముందు. క్యాంటీన్ నుంచి ఒక బల్ల తెచ్చి వేస్తే మామ దాని మీదికెక్కి, పోయిన వారం ఏం చేశాడో, ఏం చెయ్యలేకపోయాడో చెప్పేవాడు. ఆ తరువాత ఎవరైనా, ఏదైనా అడగొచ్చు, ఒకటే షరతు, ముందు హాజరు కోసం కంపెనీ ఇచ్చిన తన ఇత్తడి టోకెన్ మీది నంబరు గట్టిగా చెప్పాలి. గుంపులో దాక్కుని అరవడం ఆయనకు గిట్టదు. నంబర్ చెప్పి తిట్టు, ఎంతసేపన్న వింట, అనేవాడు. పేర్లకంటే నంబర్లే ఆయనకు బాగా గుర్తుండేవి. నిజంగానే ఒకసారి ఒక వెల్డరు తన నంబరు చెప్పి పదినిమిషాలు తిడితే మామ చేతులు కట్టుకుని విన్నాడు, కింద నిలబడ్డ నేనేమో బల్ల వెనక్కి జరిగిపోయాను.

అలాంటి మనిషిని ఒక పార్టీ రాజ్యసభకు పంపింది. వెళ్ళేముందు ఆ బల్ల మీది నుంచే మామ మాటిచ్చాడు, ఢిల్లీలో మీ సంగతి మీద నేను ఏ ఓటు వేసినా మొదట ఈ గేటు దగ్గరే వచ్చి చెబుతానని. రెండేళ్ళ దాకా ఆ మాట బాగానే నడిచింది. ఢిల్లీ నుంచి రైల్లో ఆదివారం దిగడం, సోమవారం గేటు, మళ్ళీ రైలు. మూడో ఏడు కాంట్రాక్టు మనుషుల చట్టానికి ఒక సవరణ వచ్చింది. ఏళ్ళ తరబడి నడిచే పనులకు కూడా ఇక కాంట్రాక్టు మనుషులనే పెట్టుకోవచ్చని దాని సారం. దానికే ఓటు వెయ్యాలని పార్టీ తన సభ్యులందరికీ ఆదేశం ఇచ్చింది, ఎదురు వేస్తే సభ్యత్వం పోతుంది. మామ అటే ఓటు వేశాడు.

ఆ ఆదివారం నేను స్టేషన్‌కు వెళ్ళాను. రైలు పెట్టె ఖాళీ అయింది, కూలీలు కూడా దిగిపోయారు, మామ మాత్రం కిటికీ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. వేల మంది ముందు గొంతు చించుకున్న మనిషి నన్ను చూసి చాలా చిన్నగా, రేపు జరమొచ్చిందని చెప్తవారా, అన్నాడు. నాకు అంతకంటే కావలసిందేముంది, చెప్తా మామా అన్నాను. అప్పటికే ఫ్యాక్టరీ అంతా అట్టుడికిపోతోందనీ, రానీ చూస్తాం అని గేటు దగ్గర అంటున్నారనీ నాకు తెలుసు. రాళ్ళు పడతాయేమోనన్నది నా భయం. మామ భయం వేరు, ఆ గేటు ముందు ఇక ఎన్నటికీ నిలబడే మొహం ఉండదేమోనని. ఇంటికొచ్చాక అత్త అన్నం వడ్డిస్తూ సంగతి విని, జరం వారానికి దిగుతది, మల్ల సోమారం రాదా, అని మజ్జిగ పోసి లోపలికి పోయింది.

మర్నాడు వెళ్ళాం. బల్ల వేసి ఉంది, మనుషులు ఎప్పటికంటే ఎక్కువగా ఉన్నారు, ఒక్క కేక లేదు. మామ బల్లెక్కి ఏదో మొదలుపెట్టాడు, సభలో లోపల ఉంటేనే కదా ఏదైనా చేయగలం అని చుట్టూ తిప్పి చెబుతున్నాడు కానీ అసలు మాట దగ్గరికి రావడం లేదు. పక్క గేటు నుంచి లోపలికి పోయే కాంట్రాక్టు వాళ్ళ వరుసలో నుంచి, క్యాంటీన్లో గిన్నెలు తోమే ఒక పెద్దామె ముందుకొచ్చి, అన్నా, ఒక్క మాట అడుగాలె, అంది.

అప్పుడు నేను చేసిన పని ఈనాటికీ నన్ను వదలలేదు. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు, మామ జవాబు చెప్పలేడనీ తెలుసు. భయంతో నోటికొచ్చింది అనేశాను, నంబర్ చెప్పాలె అమ్మా, అని. ఆమె నా వైపు చూసి, మాకు నంబరెక్కడిది బిడ్డా, అంది కోపం లేకుండా. ఎవరి కోసం మామ ఢిల్లీ దాకా పోయాడో, ఆ మనుషులు అన్నేళ్ళుగా ఆ గేటు దగ్గర ఒక్క ప్రశ్న కూడా అడగలేదనీ, వాళ్ళకు టోకెన్లు లేవు కాబట్టి అడగడానికే వీల్లేదనీ, నియమం పెట్టిన మామకు గానీ, దాన్ని కాపలా కాసిన నాకు గానీ, చేతులెత్తి చప్పట్లు కొట్టిన వేలమందికి గానీ అప్పటిదాకా తట్టనే లేదు.

మామ బల్ల దిగి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నా నంబర్ మీద అడుగు అక్కా, అన్నాడు. గా ఓటు మా దిక్కేసినవా, అటు దిక్కేసినవా అని ఆమె అడిగింది. అటే ఏసిన అక్కా, కుర్చీ పోతదని భయమైంది, అన్నాడు మామ, ఆ మాట వెనక వరుస దాకా వినబడింది. ఆమె, భయం మాకే ఉంటదనుకున్న, అని పక్క గేటు వైపు తిరిగి వెళ్ళిపోయింది. సైరన్ కూసింది. ఎవరూ ఏమీ అనకుండా మా పక్క నుంచే లోపలికి పోయారు. రాళ్ళు పడి ఉంటే బాగుండేదని నాకు అనిపించిన రోజు అదొక్కటే.

మామ రాజీనామా చెయ్యలేదు, అంత ధైర్యం రాలేదని ఆయనే అనేవాడు. పదవి ఉన్నన్నాళ్ళు ఉండి, రెండోసారి అడగకుండా ఇంటికొచ్చేశాడు. ఆ సోమవారం తరువాత బల్ల ఎక్కలేదు, నేల మీదే నిలబడి, నంబరు ఉన్నా లేకపోయినా ఎవరడిగినా జవాబు చెప్పాడు. కొందరు వినడానికి నిలబడేవాళ్ళు, చాలామంది నిలబడేవాళ్ళు కాదు. ఆ పెద్దామె మాత్రం చీటీ గడువు అయిపోయాక మళ్ళీ కనబడలేదు. ఎక్కడుందో కనుక్కొమ్మని మామ నాకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ కనుక్కున్నా మామా, ఎవరికీ తెలియదట అన్నాను. నేను ఎవరినీ అడగలేదు. ఆమె దొరికితే ఎదురుగా నిలబడాలని భయం. మామ ఆ అబద్ధం నమ్మే పోయాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలో గేటు ముందు ఎవరూ ఆగరట, యంత్రానికి వేలు చూపించి లోపలికి పోతారట. సభల్లో ఓట్లు వేసినవాళ్ళను టీవీలో చూస్తుంటాను, బయటికొచ్చి నవ్వుతూ కారెక్కుతారు, సోమవారం వస్తుందన్న దిగులు ఒక్కరి మొహంలోనూ కనబడదు. రైలు దిగలేక కూర్చుండిపోయిన మా మామ భయం అలా ఎక్కడా లేకుండా పోయింది. ముందుకొచ్చిన మనిషిని నంబరు అడిగి ఆపేసిన నా భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఏ ఆఫీసుకెళ్ళినా నంబరు చెప్పమంటూ కిటికీ అవతల కూర్చుని ఉంటుంది, నాకు చూడగానే తెలిసిపోతుంది.