సంతకం చేయని చేతిరాత

మేస్త్రీ కాక ఇక లేరని పోయిన శనివారం మధ్యాహ్నం పాస్టరుగారు ఫోను చేశారు. వినగానే నాకు దుఃఖం కంటే ముందు భయం వేసింది. ఆయన ఒక్కరికే తెలిసిన నా సంగతి ఇక నా ఒక్కదాని దగ్గరే మిగిలింది.

ఇది చదివే మీలో ఆయన్ను ఎరిగినవాళ్లు తక్కువ. కామాటిపురాలో చాల్ అనే పాత ఒంటిగదుల మేడలో ఆయనది మా పక్క ఖోలీ, అంటే పక్క గది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, జీవితమంతా ఈ ఊళ్లో గోడలు కట్టిన మనిషి. పొద్దున్నే గదుల ముందున్న గ్యాలరీలో స్టూలు వేసుకుని బైబిలు పైకి చదివేవారు. చదివినదాంట్లో తాను చేయాల్సిన పని ఒకటి కనపడగానే మూసేసేవారు. ఒకరోజు అలా మూసి, చాయ్ సగంలో వదిలేసి కిందికి దిగారు. ముందురోజు తాను కసిరిన కూరగాయలామెకు క్షమాపణ చెప్పి వచ్చారు. "చదివి కూసుంటే మరుస్త బిడ్డా," అన్నారు.

ధైర్యవంతుడేమీ కాదు. పోలీసు కనపడితే గోడవైపు తిరిగేవారు. సర్కారు ఆఫీసుకు పోతే మెట్ల దగ్గరే ఆగిపోయేవారు.

మూడేళ్ల కిందట వానాకాలంలో మా మెట్ల పైనున్న దూలం దగ్గర మన్ను రాలడం మొదలైంది. కాక వేలితో నొక్కితే చెక్క మెత్తగా లోపలికి పోయింది. దూలం పుచ్చిపోయింది, ఎప్పుడైనా కూలుతుందని అందరికీ చెప్పారు. బయటికి పొక్కితే అధికారులు ఖాళీ చేయించి ఎక్కడో దూరాన పడేస్తారని, ఫిర్యాదుకు ఎవరూ ఒప్పుకోలేదు. చివరి ఖోలీలో భోజనం డబ్బాలు కట్టి బతికే ఆమె, నేను వదినా అని పిలిచే మనిషి, ఆయన చేతులు పట్టుకుంది.

"కాకా, నా గిరాకులంత ఈడనే ఉన్నరు. ఎవలకు జెప్పకు, నీ కాల్మొక్త."

మూడు రోజులు ఆయన బైబిలు తెరవలేదు. నాలుగో రోజు తెరిచి, మూసి, నా దగ్గరికి వచ్చారు.

"మరాఠీల అర్జీ రాసియ్యి బిడ్డా. ఆ మెట్ల కింద పిల్లలు ఆడుతున్నరు. తెలిసి సప్పుడు జేయకుంటే దేవునికి ఏం జవాబు జెప్పాలె?"

"నీకు భయమైతలేదా కాకా?"

"మస్తు అయితుంది. భయం పోయినంక చేస్తనంటే ఎన్నడు చెయ్య."

రాశాను. ఆయన తెలుగులో వంకరటింకరగా సంతకం చేసి, నన్నూ చేయమన్నట్టు కాగితం నా వైపు జరిపారు. నా చెయ్యి పెన్ను మీదికి పోలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

వారం తిరగకముందే అధికారులు వచ్చి దూలం చూసి, ఖాళీ చేయమని నోటీసు అంటించారు. ఆ సాయంత్రం గ్యాలరీ నిండా మనుషులు. నేను తలుపు వెనక గడియ పట్టుకుని నిలబడ్డాను.

"నీకు మరాఠీ రాదు. ఎవలు రాసిచ్చిన్రు?" వదిన గొంతు.

"సంతకం నాది. రాసినోళ్ల పేరు జెప్ప. అబద్ధం గూడ జెప్ప."

ఎవరో ఆయన్ను తోశారు. తల గోడకు తగిలిన చప్పుడు వినపడింది. అయినా నేను గడియ తీయలేదు.

తర్వాత తలో దిక్కుకూ పోయాం. వదిన డబ్బాల పని పోయింది, ఇప్పుడు ఇళ్లల్లో గిన్నెలు తోముతోంది. చాల్ మాత్రం ఇంకా పడలేదు. ఆ మాటే ఒకసారి కాకతో అన్నాను.

"పడకుంటే మంచిదే గద," అన్నారు. మళ్లీ తానే, "ఆమె డబ్బాలు పోయినయి. అది నన్ను నిద్ర పోనిస్తలేదు," అన్నారు. నా సంగతి మాత్రం చివరిదాకా ఎత్తలేదు. భయపడుతూనే దేవుని మాట వినవచ్చని నాకు చూపించింది ఆయనే. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అనలేకపోయాను.

ఆయన జ్ఞాపకార్థ కూడికకు పాత చాల్‌వాళ్లు కొందరు వచ్చారు. వదిన చివరి బల్ల మీద కూర్చుంది. ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు పాస్టరుగారు. లేచాను. కాక మంచివారని చెప్పి కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"ఆ అర్జీ రాసింది నేను," అన్నాను. "కాకను నూకుతుంటే తలుపు ఎన్కాల దాసుకున్న."

పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ల మధ్య వదిన ఒక్కతే కూర్చుని ఉంది. పాట అయిపోయేదాకా నా ముఖం మీదనుంచి చూపు తీయలేదు.