ఆ ఊరి పదిహేను నిమిషాలు

ఒక ఊరు ఊరంతటినీ పదిహేను నిమిషాలు వెనక్కి నెట్టిన ఘనుణ్ని నేను. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్లకు పోయేదేమీ లేదు, నాకే మళ్లీ అక్కడ చాయ దొరకదు. పేరు తప్ప మిగతా అనర్థమంతా దాచకుండా చెబుతాను. పన్నెండేళ్లయింది కనుక ఇప్పుడు నాకు కూడా నవ్వు వస్తోంది. ఆ రోజు మాత్రం ముందుగా నవ్వింది ఒక్క మనిషే. ఆమె నా భార్య వసంత.

నాది నయాపూల్ దగ్గర వాచీలు బాగుచేసే దుకాణం. దుకాణమంటే పెద్దగా ఊహించుకోకండి. నేను లోపల ఉంటే కస్టమర్ బయట ఉండాల్సిందే. ఇల్లు కిషన్‌బాగ్‌లో. ఈ రెండింటి మధ్యే లోకమంతా ఉందని నా నమ్మకం. మలక్‌పేటలో పెళ్లికి పోవాలన్నా ముందురోజే నీళ్ల సీసా సర్దుకునేవాణ్ని. హైదరాబాద్‌లో లేనిది బయట ఏముంటుందని అందరినీ అడిగేవాణ్ని. బయటికి పోనివాడికి ఆ ప్రశ్న అడగడం చాలా సులభం.

వసంత తపాలా ఆఫీసులో పనిచేసేది. ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసి గూళ్లలో వేయడం ఆమె పని. ఇరవై ఏళ్లు ఊళ్ల పేర్లు చదివీ చదివీ వాటిని చూడాలని పట్టుబట్టింది. నోట్‌బుక్‌లో నలభై పేర్లు రాసుకుంది. అందులో పెద్ద ఊరు ఒక్కటీ లేదు.

"ఢిల్లీనో ఆగ్రానో అడగాలె గాని, గివేం ఊర్లు?" అన్నాను.

"ఢిల్లీకి రోజూ సంచులకు సంచులు పోతయి. ఈ ఊర్లకు పోయేటివి రెండో మూడో. ఆ రెండూ ఎవరికి పోతయో చూడొద్దా?"

నేను నీళ్ల సీసా సర్దుకున్నాను. అట్లా ఒక శనివారం మేము బస్సు దిగిన ఊరే ఈ ఊరు. నా సంచిలో రెండు జతల బట్టలు, చదువుతున్న పుస్తకం, అలవాటు కొద్దీ చిన్న స్క్రూడ్రైవరు, నూనె బుడ్డి ఉన్నాయి. పుస్తకం వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఊళ్లో ఒకటే బజారు. బజారు నడుమ రాతి గడియార స్తంభం. దాని కింద ఓదెలు చాయ కొట్టు. లాడ్జి ఎక్కడని ఓదెలును అడిగాను.

"లాడ్జి గిట్ల ఏం లేదు సారూ. మా ఇంటి మీద అర్ర ఖాళీనే ఉన్నది, ఉండుండ్రి. ముందుగాల చాయ తాగుండ్రి."

అప్పుడే తలపైన గడియారం పన్నెండు కొట్టింది. చేతి వాచీ చూసుకున్నాను. పావు తక్కువ పన్నెండు. జేబులో ఎవరిదో చెయ్యి తగిలినట్టు ఉలిక్కిపడ్డాను.

"అన్నా, మీ గడియారం పదిహేను నిమిషాలు ముందుకున్నది!"

"ఔ, ఉంటది," అన్నాడు ఓదెలు, బర్రె నల్లగా ఉందంటే ఒప్పుకున్నట్టు.

"ఉంటది అంటే? చూసేటోళ్లు లేరా?"

"లేకేంది? లింగయ్య తాత చూస్తడు. చావి ఇచ్చుడు, నూనె పెట్టుడు అన్నీ ఆయననే. బిడ్డ ఇంటికి పోయిండు, రేపు పొద్దుగాల బండికి దిగుతడు. పాపం, మెట్లు ఎక్కలేకపోతున్నడు. అందుకే ఈ నడుమ కిర్రుమంటున్నది."

"నేను నూనె పెట్టనా? నాది నయాపూల్‌ల వాచీల దుకాణమే."

"అయ్యో, మస్తు మంచి మాట!" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

వసంత నన్ను పక్కకు పిలిచింది. నా ముఖం ఆమెకు బాగా తెలుసు.

"నూనె అన్నరు. నూనె పెట్టి దిగండి."

"తప్పు టైం చూపిస్తుంటే చూసుకుంట ఊకోవాల్నా?"

"సరిచెయ్యమని ఊరు మిమ్మల్ని అడిగిందా?"

వాచీల పని తెలియని మనిషి అడిగే ప్రశ్న ఇట్లాగే ఉంటుందనుకుని మెట్లెక్కాను.

పైన గడియారాన్ని చూసి నిలబడిపోయాను. పళ్ల చక్రాల మీద దుమ్ము లేదు. గుండ్లు వేలాడే తీగెలకు తుప్పు లేదు. మూలన మడతపెట్టిన మెత్తటి గుడ్డ, పక్కన కోడి ఈక. ఈకతో నూనె పెట్టే పద్ధతి మా నాన్న తర్వాత నేనెక్కడా చూడలేదు. ఎవరో ఈ యంత్రాన్ని కన్నబిడ్డలా సాకుతున్నారు. అంత శ్రద్ధ గల మనిషి పదిహేను నిమిషాల తప్పును ఎందుకు ఉండనిచ్చాడని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే, మీకు ఇవాళ చదవడానికి ఏమీ ఉండేది కాదు. నేను ఆలోచించలేదు. తెలివిగలవాణ్ని కదా, ఆ అవసరం రాలేదు.

నూనె పెట్టాను. కిర్రుమనడం ఆగింది. అక్కడితో దిగితే దేవుణ్ని. దిగలేదు.

గంటలు కొట్టే గడియారం ముల్లును వెనక్కి తిప్పకూడదు, లోపల కొట్టే ఏర్పాటు దెబ్బతింటుంది. లోలకాన్ని ఆపి, అసలు కాలం వచ్చి దాన్ని అందుకునేదాకా కూర్చోవాలి. నేను ఆపి కూర్చున్నాను. కిందినుంచి ఓదెలు పంపిన చాయ తాగుతూ, కిటికీలోంచి ఊరిని జాలిగా చూస్తూ, సరిగ్గా పదిహేను నిమిషాలు గడిపాను. తర్వాత లోలకాన్ని మళ్లీ ఊపి దిగాను. ఎవరికీ చెప్పలేదు. నేను ఊరికి చేసిన గుప్తదానం అది. వసంతకు కూడా చెప్పలేదు, ఆమె మళ్లీ అదే ప్రశ్న అడుగుతుందని.

ఆ సాయంత్రం ఊరికి ఏదో తేడా తెలిసింది గాని ఏమిటో తెలియలేదు. కూరగాయలామె సంచి దులిపి, మళ్లీ పరిచి, "ఇయ్యాల పొద్దు పోతలేదేందవ్వా?" అంది. మంగలి రాములు గడ్డం గీయడం అయ్యాక కూడా కుర్చీలో మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. నేను లోపల్లోపల మురిసిపోయాను.

రాత్రి అన్నం దగ్గర ఓదెలు కూతురు మంజుల పరిచయమైంది. నర్సింగు సీటు వచ్చింది ఆ పిల్లకు. మర్నాడు, ఆదివారమైనా సరే, పది గంటలకు హైదరాబాద్‌లో అసలు సర్టిఫికెట్లు చూపించాలి. చూపించకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. ఆదివారం పొద్దున బస్సు లేదు, ఉన్నది ఒకటే ప్యాసింజరు రైలు. మేమూ దానికే పోవాలి.

"ఫోన్ల అలారం పెట్టుకో బిడ్డా," అంది వసంత.

"గంట ఉండంగ అలారం ఎందుకక్కా? ఫోన్ అంటే ఛార్జింగ్ అయిపోతది. గంట ఛార్జింగ్ అయిపోదు గద!"

"బండి ఎన్నింటికి?" అని అడిగాను ఓదెలును.

"గా టైము ఎవరికెరుక సారూ? ఆరు గంటలు కొట్టంగనే ఇంట్ల కెల్లి ఎల్లాలె. అరగంట నడక. మనం పోయి నిలబడ్తం, బండి వస్తది. మా తండ్రి కాలం సంది గంతే."

వినండి, ఇంత స్పష్టంగా చెప్పాడు. నేను అన్నంలో నెయ్యి కలుపుకుంటున్నాను.

పొద్దున గడియారం ఆరు కొట్టింది. నా చేతి వాచీలో కూడా సెకను తేడా లేకుండా ఆరు. ఆనందంతో వసంతకు వాచీ చూపించాను. ఆమె గడియారం వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అననప్పుడు నేను భయపడటం నేర్చుకున్నది ఆ తర్వాతే.

గంట వినగానే ఒక్కో తలుపూ తెరుచుకుంది. పాల క్యాన్లు, పూల గంపలు, ఆకుకూర మూటలు, టిఫిన్ డబ్బాలు అన్నీ ఒకే బాటన పడ్డాయి. నలభైమంది ఉంటారు. ఎవరూ తొందరపడటం లేదు, ఎవరూ ఆగడం లేదు. మా నయాపూల్ మీద ఇంత వరుసగా నడిచే మనుషుల్ని నేను చూడలేదు. మంజుల సర్టిఫికెట్ల ఫైలును ఛాతీకి హత్తుకుని నడుస్తోంది.

రైసుమిల్లు దగ్గరికి రాగానే దూరంగా బండి కూత వినబడింది.

వరుస మొత్తం ఆగిపోయింది.

"గిదేంది? కూత మనం ప్లాట్‌ఫారం మీదుంటే గద వినబడాలె?" అంది పూల గంప పెట్టుకున్న ముసలవ్వ.

ఒకాయన ఫోను తీశాడు. "ఆరుంబావు!"

నలభైమంది వెనక్కి తిరిగి గడియారం వైపు చూశారు. అదీ ఆరుంబావే చూపిస్తోంది, ఆరున్నర కాదు. తర్వాత ఓదెలు మెల్లగా నా వైపు తిరిగాడు.

"సారూ... నూనె ఒక్కటే పెట్టిన్రా?"

"టైం కూడా... జరంత సరిచేసిన."

"సరిచేసినవా!" అని అరిచింది ముసలవ్వ. "ఓరి నీ ఇల్లు బంగారంగాను! పట్టు గీ గంప!"

గంప నా నెత్తిమీదికి వచ్చింది. అందరూ పరుగు. నయాపూల్ ట్రాఫిక్‌లో ముప్పై ఏళ్లు నడిచినవాణ్ని, నాకు పరుగెత్తడం రాదు, తప్పుకోవడం వచ్చు. కాని ఆ రోజు పరుగెత్తాను. కనకాంబరాలు కళ్లలో పడుతున్నాయి. పక్కన మంజుల ఏడుస్తూ పరుగెడుతోంది. "నా సీటు పోతది నాయినా, నా సీటు పోతది." ఆ మాట వింటూ పరుగెత్తిన ఆ కిలోమీటరు నాకు ఇప్పటికీ పూర్తి కాలేదు. పుస్తకాలు చదివి, వాచీలు విప్పి, ఒక పిల్ల బతుకును చెడగొట్టడానికి ఇంతదూరం వచ్చానా అనుకున్నాను.

స్టేషన్ చేరేసరికి పది నిమిషాలు ఆలస్యం. కాని బండి అక్కడే ఉంది. గార్డు కిందికి దిగి జెండా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన చేతికర్రతో ఒక సన్నటి ముసలాయన, బండిలోంచి అప్పుడే దిగిన మనిషి. లింగయ్య తాత.

దిగగానే ఖాళీ ప్లాట్‌ఫారం చూసి తాత గార్డు చెయ్యి పట్టుకున్నాడట. మా ఊరు రాలేదంటే ఏదో అయ్యింది, జర ఆగు బిడ్డా, అని. ఈ ఊరి జనం రాకపోవడం గార్డు కూడా తన నౌకరీలో రెండుసార్లే చూశాడు. రెండుసార్లూ ఊళ్లో పెద్దవాళ్లెవరో చనిపోయారు.

మమ్మల్ని చూడగానే గార్డు కంగారుగా అడిగాడు. "ఎవరు పోయిన్రు?"

ఓదెలు రొప్పుతూ నన్ను చూపించాడు. "ఇంకా ఎవరూ పోలేదు సార్. గీ హైదరాబాద్ సారు ఇప్పుడు పోతడు."

అక్కడే వసంత నవ్వింది. స్తంభానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. కొంచెం సేపటికి మంజుల కూడా నవ్వింది. బండి దొరికింది కదా.

వసంత మంజుల చెయ్యి పట్టుకుని బండెక్కింది. "ఆఫీసు దాక నేను తీసుకపోత, ఫికర్ చెయ్యకు," అని ఓదెలుకు చెప్పింది. నేను గంప దించి, మెట్టు మీద కాలు పెట్టాను. చేతికర్ర అడ్డం వచ్చింది.

"నువ్వు యాడికి?" అన్నాడు లింగయ్య తాత. "నా పదిహేను నిమిషాలు నాకిచ్చి పో."

బండి కదిలింది. కిటికీలోంచి వసంత చెయ్యి ఊపింది. నన్ను అరెస్టు చేసి తీసుకుపోతున్నట్టు తాత ముందు నేను నడిచాను.

"మా చెల్లెకు నొప్పులొచ్చిన నాడు ఒక్క నిమిషంల గీ బండి తప్పింది. చెల్లె దక్కలే," అన్నాడు దారిలో, మామూలు గొంతుతో. "గప్పటిసంది ముందుకు పెట్టిన. ఊరు మొత్తానికి ఎరుకనే. ఎవరూ మాట్లాడరు. గడియారం టైం చెప్పనీకి కాదు బిడ్డా, మనిషిని బండెక్కియ్యనీకి."

బజారులో రాములు కత్తి పట్టుకుని ఎదురొచ్చాడు. "నిన్న పొద్దు పోకుంట చేసింది నువ్వేనా సారూ? ఒక్క గడ్డానికి రెండు గడ్డాల ముచ్చట చెప్పిన!"

మెట్లెక్కి ముల్లును ముందుకు జరిపాను. చెడగొట్టడానికి పావుగంట కూర్చోవాల్సి వచ్చింది, బాగుచేయడానికి అరనిమిషం పట్టింది. తాత కింది మెట్టు మీద కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు.

"కిర్రుమంటలేదు. చెయ్యి మంచిది నీది," అన్నాడు. కర్ర ఊతంగా లేచి, "నోరు తెరిచి అడుగుడే రాదు," అన్నాడు.

తర్వాతి బండి మర్నాడే. ఆ ఒక్కరోజులో నాలుగిళ్లలో తిన్నాను. ప్రతి ఇంట్లో ముందు తిట్టి తర్వాత వడ్డించారు. సరైన టైంకు సాంబారు ఎవరూ పోయరని, ఆకలైనప్పుడు పోస్తారని అక్కడ తెలిసింది. హైదరాబాద్‌లో లేనిది బయట ఏముంటుందని ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. మర్నాడు గంట ఆరు కొట్టకముందే బాటన పడ్డాను.

ఇంటికి వచ్చి చూస్తే మా గోడ గడియారం పదిహేను నిమిషాలు ముందుంది. మంజుల సీటు ఖాయమైందని చెప్పి, వసంత పప్పులో పోపు వేస్తోంది.

"వాచీల మెకానిక్కు ఇంట్ల తప్పు టైమా? నన్ను అడిగినవా?" అన్నాను.

"మీరు ఆ ఊరిని అడిగిన్రా?"

ఆ నోట్‌బుక్‌లో ముప్పై ఒక్క ఊళ్లు ఇద్దరం చూశాం. రెండేళ్ల కింద వసంత పోయింది. గోడ గడియారం ఇంకా పదిహేను నిమిషాలు ముందే నడుస్తోంది. రోజూ పదిమంది వాచీలు సరిచేస్తాను గాని దాన్ని ముట్టుకోను.

కనుక, చదివేవాళ్లందరి సాక్షిగా, నూనె బుడ్డి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ ఊరికి పోయినా ముందు చాయ తాగుతాను, తర్వాత ఎవరు ఏ బండి ఎక్కాలో అడుగుతాను. అడిగాక కూడా, వాళ్లు బతిమాలినా సరే, వాళ్ల టైం జోలికి పోను.

ఈ ఆదివారం ముప్పై రెండో ఊరికి బయలుదేరుతున్నాను. ఇప్పుడు పెద్ద నర్సైన మంజుల పొద్దునే ఫోన్ చేసింది.

"అన్నా, స్క్రూడ్రైవరు ఇంట్ల పెట్టినవా?"

"ఎప్పుడో పెట్టిన," అన్నాను.

ఫోన్ పెట్టేశాక సంచిలోంచి తీసి, గూట్లో పెట్టాను.